గరాజ్‌లో వెరాక్రూజులు

నేపర్‌విల్
24 ఆగస్టు 2025, ఆదివారం

వదినా,

మీ క్లినిక్ అడ్రస్‌కి నా ఉత్తరం వచ్చిందని కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకర్‌లో పెట్టేస్తాడు, నేనొక మాట మొదలుపెడితే తను పది మాటలతో ముగిస్తాడు. వాట్సాప్ ఏమో జితేందర్ తీసేయించాడు, మొగుడి హుకుం. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినవాళ్ళ ఫోన్లు ఎయిర్‌పోర్ట్‌లో చూస్తున్నారని వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్పారట. అందుకని ఇలా కాగితం మీద. తెలుగులో ఇంత పొడుగు రాసి ఎన్నేళ్ళయిందో. ఒత్తులు తప్పితే సర్దుకో.

సంగతేమిటంటే, మా ఆర్కెస్ట్రా నవంబర్‌లో ఒక మెక్సికన్ ఫోక్ డ్యాన్స్ గ్రూప్‌తో కలిసి ప్రోగ్రాం చేస్తోంది. వాళ్ళది మా పక్కనే ఉన్న అరోరా. మేం వెనక కూర్చుని వాయిస్తాం, వాళ్ళు ముందు ఆడతారు. మొన్న చర్చి హాల్లో మొదటి రిహార్సల్ జరిగింది. వాళ్ళ బూట్లకి మడమ దగ్గరా ముందు పక్కనా మేకులు కొట్టి ఉంటాయి. చెక్క పలకల మీద అందరూ ఒక్కసారి అడుగు వేస్తే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టుంది. మా వాళ్ళు సగం మంది వాయించడం మానేసి చూస్తూ ఉండిపోయారు. కండక్టర్ కర్ర దించేసి నవ్వేశాడు.

లయ చాలా తమాషాగా ఉంటుంది వదినా. ఆరు మాత్రల్ని ఒకసారి రెండు మూళ్ళుగా, వెంటనే మూడు రెళ్ళుగా విరుస్తారు. చిన్నప్పుడు విజయవాడలో వయొలిన్ మాస్టారు తొడ మీద తాళం వేయించిన పుణ్యాన నేను తప్పకుండా నిలబడ్డాను. వాళ్ళ టీచర్ ఎల్విరా, డెబ్బై దాటిన ఆవిడ, నా వైపు చూసి తల ఊపింది. ఆ ఒక్క తల ఊపుకి వారమంతా ఆఫీసులో హాయిగా పనిచేసుకున్నాను.

బట్టల గురించి చెప్పకపోతే నీకు నిద్ర పట్టదు. ఒక్కో ప్రాంతం నాట్యానికి ఒక్కో రకం. రంగు రిబ్బన్లు కుట్టిన పెద్ద పెద్ద పావడాలు హాలిస్కో వైపువి. తెల్ల లేసువి వెరాక్రూజ్ వైపువి. వాళ్ళు బట్టల్ని కూడా ఆ పేర్లతోనే పిలుస్తారు. హాలిస్కోలు ఇస్త్రీ అయ్యాయా, వెరాక్రూజులు ఎవరి దగ్గరున్నాయి, అని.

వాళ్ళలో లూపె అని ఉంది. మన హంసిక క్లాస్‌మేట్ హిమేనా వాళ్ళమ్మ. బేకరీలో పని. భర్త ఎప్పుడో విడిపోయి వెళ్ళిపోయాడు, తల్లీ కూతురే. లూపె ఈ మధ్య కారు తీయడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు. రిహార్సల్‌కి నేనే పికప్ చేసుకుంటున్నాను. జితేందర్‌కి అది ఇష్టం లేదు. "గామెను కార్ల తిప్పుడెందుకు? మన ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలే. నీ వీసా మీదనే అందరం ఉన్నం, యాదుంచుకో" అన్నాడు.

యాదుంది. అదే గుర్తుపెట్టుకుని కారు నడుపుతున్నాను. అద్దంలో వెనక బండి కనిపిస్తే అది దాటిపోయేదాకా పక్కకి ఆపేస్తున్నాను. ఈ మాట ఆయనతో అంటే మానెయ్యమంటాడు. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా, నీకు చెబుతున్నాను.

నీ
మనీషా


కమ్మింగ్
3 సెప్టెంబర్ 2025

మనీషాకి మీ వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం ఎవరివో దవడ ఎక్స్‌రేలతో కలిసి నా టేబుల్ మీదికి వచ్చింది. మా డాక్టర్ స్టాంపు చూసి ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేవాళ్ళు కూడా ఉన్నారా అంది. మా ఆడపడుచు అని చెప్పాను. ఆడపడుచు అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పేసరికి లంచ్ అయిపోయింది.

ముందు ఒక మాట. ఆర్కెస్ట్రా అంటే తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లో సినిమా పాటలు పాడే బ్యాచ్ అనుకున్నాను. నీకెందుకే ఈ వయసులో అనుకుంటూ చదివాను. రెండోసారి చదివాక అర్థమైంది. కండక్టర్ అంటే మాత్రం నాకింకా బస్సే.

ఇక్కడ విశేషాలు ఏమున్నాయి. పెరట్లో గోంగూర జింకలు తినేశాయి. కంచె కడతానని మీ అన్నయ్య వేసవి అంతా అన్నారు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించలేదు. చదివి, పేషెంట్ల కాగితాలు ముక్కలు చేసే ష్రెడ్డర్‌లో వేసేశాను. నా ఉత్తరాలు నువ్వూ అలాగే చెయ్యి. నవ్వకు. నాకు సిటిజన్‌షిప్ వచ్చి ఇన్నేళ్ళయినా ఈ మధ్య నా మనసు నా మాట వినడం లేదు. మొన్న ఇండియన్ స్టోర్ ముందు నల్ల ఎస్‌యూవీ ఒకటి ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. లోపలి నుంచి దాన్ని చూసి ఇమ్మిగ్రేషన్ వాళ్ళనుకుని, తూయించిన బెండకాయలు కౌంటర్ మీదే వదిలేసి వెనక తలుపు ఎక్కడని అడిగాను. కౌంటర్ అబ్బాయి తొంగి చూసి "ఆంటీ, అందులో మా తాతగారు, ఏసీ వేసుకుని కూర్చున్నారు" అన్నాడు.

నా సంగతే ఇలా ఉంటే నీ సంగతేమిటి. వయొలిన్ వాయించుకో, ఎవరొద్దన్నారు. ఆవిడని కార్లో తిప్పడం మాత్రం వద్దు. ఆవిడకి ఇక్కడ ఉండడానికి పేపర్లు ఉన్నాయో లేదో కనుక్కున్నావా? కనుక్కోకుండా ఎలా ఎక్కించుకున్నావు? జితేందర్ గారు చెప్పింది నాకు సబబుగానే ఉంది.

హంసికకి అత్తయ్య ముద్దులు. జడ కత్తిరించుకుంటానంటోందట, నన్నడిగి కత్తిరించుకోమను.

నాగమల్లేశ్వరి


నేపర్‌విల్
21 సెప్టెంబర్ 2025

వదినా,

పేపర్లు ఉన్నాయా అని అడగలేదు, అడగను. అడిగితే తను ఏదో ఒకటి చెప్పాలి. చెబితే నాకు తెలిసిపోతుంది. తెలిశాక నేను ఎక్కించుకోగలనో లేదో నాకే తెలీదు. అందుకని ఇద్దరం వాతావరణం గురించీ పిల్లల మార్కుల గురించీ మాట్లాడుకుంటూ వెళ్తున్నాం.

నువ్వు బెండకాయలు వదిలేసిన సంగతి చదివి నవ్వాను. పోయిన శనివారం తర్వాత నవ్వడం మానేశాను. రిహార్సల్‌కి ముందు కారుకి గ్యాస్ పోసుకుంటున్నాను. కార్లో నేనొక్కదాన్నే. ముఖానికి ముసుగు, ఒంటి మీద పోలీస్ అని రాసిన వెస్ట్ వేసుకున్న మనిషి పంపు పక్కకి వచ్చి "వేర్ వర్ యూ బార్న్?" అన్నాడు. నేను "తెనాలి" అన్నాను. ఇండియా అనాలని తట్టలేదు వదినా. అతను మళ్ళీ అడిగాడు. మళ్ళీ తెనాలే అన్నాను. నా నోరు అక్కడే ఆగిపోయింది. వెనక సీట్లో పెట్టె ఏమిటన్నాడు. వయొలిన్ తీసి చూపించాను. ఇంకొకతను ఎవరినో చూసి పిలిస్తే అటు పరుగెత్తాడు. వీసా కాగితాలు నా బ్యాగ్‌లోనే ఉన్నాయి, అడగనే లేదు. పంపు నాజిల్ ట్యాంకులోనే ఉండగా కారు కదిలించబోయాను. ఒకావిడ అద్దం మీద కొట్టి ఆపింది. జితేందర్‌కి చెప్పలేదు.

రిహార్సల్‌కి డ్యాన్సర్లు తగ్గిపోతున్నారు. పోయినసారి హాలిస్కో వరసలో సగం మందే ఉన్నారు. హాలు కిటికీలకి లోపలి నుంచి గోధుమరంగు కాగితం అంటించారు. మా ఫ్లూట్ ఆవిడ అందరికీ ఈలలు పంచింది, బయట వాళ్ళు కనిపిస్తే ఊదాలట. కండక్టర్ ప్రోగ్రాం మానేద్దామా అని ఎల్విరాని అడిగాడు. ఆవిడ "మీరు మానేస్తారా?" అని తిరిగి అడిగింది. ఆయన ఎర్రబడి, లేదన్నాడు.

ఇంకొక విషయం. వాళ్ళ డ్యాన్స్ స్కూల్ ఉన్న వీధిలో రోజూ ఇమ్మిగ్రేషన్ బండ్లు తిరుగుతున్నాయి. అక్కడ ఉంచడం మంచిది కాదని ఎల్విరా బెంగపడుతుంటే నేనే మా ఇంటికి తెమ్మన్నాను. నిన్న లూపె, నేను కలిసి హాలిస్కోలనీ వెరాక్రూజులనీ మా కార్లో కుక్కి తెచ్చి గరాజ్‌లో పెట్టాం. ప్రోగ్రాం అయ్యేదాకా ఇక్కడే. జితేందర్ కారు బయట పెట్టుకోవాల్సి వచ్చింది, ముఖం మాడ్చుకున్నాడు. హంసిక మాత్రం గంటకోసారి వెళ్ళి చూసి వస్తోంది.

అన్నయ్యకి ఇవేవీ చెప్పకు.

నీ
మనీషా


కమ్మింగ్
26 సెప్టెంబర్ 2025

మనీషా,

ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు అర్థం చేసుకో.

నీకు మతి ఉందా? మీ ఇంట్లోనా? ఎంతమందిని పెట్టావు? హాలిస్కో వాళ్ళది ఎంత కుటుంబం, వెరాక్రూజ్ వాళ్ళది ఎంత? అందులో పసిపిల్లలున్నారా? గరాజ్‌లో మనుషులెలా ఉంటారే, చలి మొదలవుతుంటే? హంసిక గంటకోసారి వెళ్ళి చూస్తోందని ఎంత తేలిగ్గా రాశావు. దాని నోట్లోంచి స్కూల్లో ఒక్క మాట జారితే?

లూపెకి లిఫ్ట్ ఇస్తున్నావంటేనే నాకు అన్నం సయించలేదు. ఇది లిఫ్ట్ కాదు, నేరం. ఉద్యోగం పోవడం కాదు, జైలు. పిల్ల ఇక్కడ పుట్టింది, మీ ఇద్దరినీ పంపించేస్తే అది ఎవరి దగ్గర ఉంటుంది? మా దగ్గరే ఉంటుంది, అది వేరే సంగతి.

నన్ను క్షమించు, మీ అన్నయ్యకి చెప్పేశాను. చెప్పకుండా ఉండలేకపోయాను. రాత్రి నేను మాట్లాడకుండా కూర్చుంటే ఏమైందని అడిగారు, ఏడుపు వచ్చేసింది. ఆయన ఒక లాయర్‌తో మాట్లాడారు. జితేందర్ గారికి ఈ పూట ఫోన్ చేస్తానన్నారు.

వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. నాకు వాళ్ళ మీద కోపం లేదు. వెంటనే పంపించెయ్యి.

వదిన


నేపర్‌విల్
12 అక్టోబర్ 2025

వదినా,

హాలిస్కోలూ వెరాక్రూజులూ మనుషులు కారు. పావడాలు. మొదటి ఉత్తరంలో రాశాను. దాన్ని నువ్వు ముక్కలు చేసేశావు.

నీ ఉత్తరం కంటే అన్నయ్య ఫోన్ ముందు వచ్చింది. జితేందర్ మీటింగ్‌లో ఉన్నాడట. బయటికి వచ్చి వింటే అన్నయ్య మనుషుల్ని దాచారంటూ కేకలు వేస్తున్నాడు. జితేందర్ ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పలేదు. "బట్టలే బావా అని చెప్పిన. ఇనడు. గరాజ్ల ఎంతమంది ఉన్నరు, పోలీసులు వస్తే ఏం జేస్తవ్ అంటడు. ఫోన్ల, మనీషా. ఎవలన్న ఇంటే?" అన్నాడు. ఆయన్ని అంత భయంగా నేనెప్పుడూ చూడలేదు. అప్పట్లో తన ఉద్యోగం పోయినప్పుడు కూడా. పావడాలు అన్నీ తనే మడతపెట్టి, కారులో పెట్టి, తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. లూపెని ఇక ఎక్కించుకోనని నా చేత అనిపించాడు. అన్నాను. నాకూ భయమే కదా.

ఆ తర్వాతి గురువారం బట్టలు తీసుకెళ్ళి లూపె ఫ్లాట్‌లో ఇచ్చాను. గరాజ్‌లో నీళ్ళు లీకవుతున్నాయని చెప్పాను. శనివారం నేను రాలేను, ఇంట్లో జ్వరాలని చెప్పాను. తను నా ముఖం వంక ఒక్క క్షణం చూసి "నో ప్రాబ్లం, మనీషా. హంసికని చూసుకో" అంది. జ్వరానికి మంచిదని ఒక సీసాలో ఏదో కషాయం పోసి ఇచ్చింది.

శనివారం లూపె తన కారు తీసింది. బట్టలు హాలుకి చేర్చాలి కదా.

జ్వరమని చెప్పినదాన్ని, రిహార్సల్‌కి వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ ఇంట్లో ఉండలేక ఆలస్యంగా బయల్దేరాను. చర్చి మలుపు ముందు తన కారు కనిపించింది. డ్రైవర్ వైపు తలుపు తెరిచి ఉంది. ఇండికేటర్ కొట్టుకుంటూనే ఉంది, ఎడమకి తిరుగుతానని. వెనక సీటు నిండా తెల్ల లేసు. హిమేనా కాలిబాట అంచున కూర్చుని ఫోన్ రెండు చేతులతో పట్టుకుని ఉంది. దాన్ని వదిలేశారు, ఇక్కడ పుట్టింది కదా. వాళ్ళమ్మని తీసుకెళ్ళిపోయారు. కాసేపటి క్రితమే. నేను ఇంటి దగ్గర తాళాలు పట్టుకుని వెళ్ళాలా వద్దా అని నిలబడ్డప్పుడు.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అది "యూ సెడ్ యూ వర్ సిక్" అంది. అంతే.

ఇంటికి తీసుకొచ్చాను. లూపె చెల్లెలు ఉంది కానీ ఆమె ఇల్లు మారి ఎక్కడుందో చెప్పడం లేదు, ఫోన్‌లో మాత్రం పిల్లని ఉంచుకోమని బతిమాలింది. జితేందర్ తలుపు తీశాడు. నేను ఏదో చెప్పబోయాను. హిమేనాని చూసి "పిల్ల తిన్నదా?" అన్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి దోసెలు పోశాడు. "ఏడికి పోతది? ఉండనీ" అన్నాడు, నన్ను చూడకుండా.

లూపెని వేరే రాష్ట్రంలో ఉంచారని తెలియడానికే వారం పట్టింది. నాకు ఎవరి మీదా కోపం లేదని రాయాలనుకున్నాను వదినా. ఇప్పుడే అలా రాయలేను.

మనీషా


కమ్మింగ్
18 అక్టోబర్ 2025

మనీషా,

నీ ఉత్తరం క్లినిక్‌లో చదవలేకపోయాను. కార్లో కూర్చుని చదివాను. ఇది ముక్కలు చెయ్యలేదు. మీ అన్నయ్యకి ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, మళ్ళీ తెరిచి చదివారు. "పావడాలా" అన్నారు. తర్వాత పెరట్లోకి వెళ్ళి చీకటి పడేదాకా లోపలికి రాలేదు.

నేను సమర్థించుకోను. మొదటి ఉత్తరంలో బట్టల గురించి చదివాను, వాటి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదని కూడా రాశావు. అది చదివినప్పుడు నా మనసు అద్దంలో కనిపించే బండి మీదే ఉంది, పావడాల మీద లేదు. భయం వేస్తే కళ్ళు చదువుతాయి కానీ బుర్రకి ఎక్కదని ఇప్పుడు తెలిసింది.

ప్రోగ్రాం ఉందా, మానేశారా? ఉంటే నేను వస్తాను. ఎల్విరా గారితో చెప్పు, డ్యాన్సర్లని ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని హాలుకి తీసుకురావడానికి ఒక మనిషి ఉందని. వ్యాన్ రెంట్‌కి తీసుకుంటాను. నాకు హైవే మీద నడపడం భయమని నీకు తెలుసు, అట్లాంటా దాకా కూడా మీ అన్నయ్యే నడపాలి. కానీ నన్ను ఆపితే నన్ను ఆపుతారు, అంతకంటే ఏం చేస్తారు? ఈ మాట మీ అన్నయ్యతో గట్టిగా అన్నాను. అన్నాక బాత్‌రూంలోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

ఆదివారం ప్రోగ్రాం అయిన వెంటనే ఫ్లైట్ ఎక్కాలి, సోమవారం క్లినిక్‌లో నేను తప్ప ఎవరూ లేరు. వీలైతే ముందు రోజు కాస్త మాట్లాడుకుందాం. నువ్వు మాట్లాడకపోయినా పర్వాలేదు, వండి పెడతాను.

హిమేనా కారం తింటుందా? ఏ పచ్చడి తేను?

వదిన


నేపర్‌విల్
17 నవంబర్ 2025

వదినా,

నువ్వు క్షేమంగా చేరావని అన్నయ్య మెసేజ్ పెట్టాడు. నిన్న హాల్లోంచి అలా ముఖం చూపించకుండా వెళ్ళిపోయావేం? వ్యాన్ తాళాలు ఫ్లూట్ ఆవిడ చేతికిచ్చి వెళ్ళావట. కోపం వచ్చిందా అనుకున్నాను. శనివారం నేను సరిగా మాట్లాడలేదు, నిజమే. నువ్వు హిమేనాకి తల దువ్వుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను.

నువ్వు లాబీలో కూర్చున్నావు కాబట్టి స్టేజి మీద ఏం జరిగిందో నీకు తెలియదు. చెబుతాను.

హాలు నిండింది. అందరూ టికెట్లు చూపించాకే లోపలికి. మా కండక్టర్ మామూలుగా జోకులు వేస్తాడు, నిన్న ఒక్కటీ వేయలేదు. నువ్వు వ్యాన్‌లో తెచ్చినవాళ్ళతో కలిపి, అనుకున్నవాళ్ళలో సగం మందే డ్యాన్సర్లు. వెరాక్రూజులు బాగా జరిగాయి. హాలిస్కోలు మొదలయ్యాయి. నా విల్లు తీగ మీద వణుకుతోంది, అది శబ్దంలో తెలుస్తోంది, పక్కావిడ నా వైపు చూస్తోంది. సరిగ్గా ఆరు మాత్రలు విరిగే చోట బయట లాబీలో ఏదో ఫెళ్ళున పడింది.

డ్యాన్సర్లు ఆగిపోయారు వదినా. పావడాలు ఎత్తి పట్టుకున్నవి పట్టుకున్నట్టే. అందరి కళ్ళూ తలుపు మీదే. ఒకమ్మాయి పక్క తెర వైపు రెండడుగులు వేసింది. మేం ఒక్కొక్కరమే వాయించడం ఆపేశాం. కండక్టర్ కర్ర గాల్లోనే ఉంది. నేను ఆ క్షణంలో అనుకున్నది చెబితే అసహ్యించుకుంటావేమో. నా బ్యాగ్ ఎక్కడుంది, అందులో కాగితాలున్నాయా, అని. లూపె గుర్తు రాలేదు. వాళ్ళెవరూ గుర్తు రాలేదు.

తలుపు తెరుచుకోలేదు. ఎల్విరా పక్క నుంచి స్టేజి మీదికి నడిచి వచ్చింది. చేతి వాచీ సరిచేసుకుంటూ, కూరగాయలకి వచ్చినట్టు వచ్చింది. కండక్టర్‌తో "ఫ్రమ్ ది బిగినింగ్" అంది. తన పిల్లల వైపు తిరిగి స్పానిష్‌లో ఏదో అంది. తర్వాత అడిగితే, మోచేతులు దించేశారు, పైకెత్తండి అన్నానని చెప్పింది. మొదటి నుంచి వాయించాం. ఈసారి వాళ్ళు ఆడింది నాట్యంలా లేదు, ఆ పలకలు విరగ్గొట్టాలన్నట్టు ఉంది. తలుపు మీద ఒక కన్ను వేసే వాయించాను. దీన్ని ధైర్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

హిమేనా ఆడనంది. హంసికతో కలిసి గ్రీన్ రూంలో కూర్చుని విన్నది. అయ్యాక నన్ను "అమ్మ చోటు ఖాళీగా ఉంచారా?" అని అడిగింది. ఖాళీ ఉంచితే మిగతావాళ్ళు తడబడతారని ఎల్విరా వరస దగ్గరికి జరిపేసింది. అదే చెప్పాను. అబద్ధం చెప్పి ఉండాల్సిందేమో. అది తల ఊపి, కోటు వేసుకుంది.

ఇవాళ పొద్దున లూపె ఫోన్ చేసింది. ఇక పోరాడలేక, దేశం వదిలి వెళ్తానని సంతకం పెట్టేసిందట. మెక్సికోకి పంపించేశారు. గ్వాదలహారాలో వాళ్ళ అమ్మ దగ్గర ఉంది. నేను జ్వరం సంగతి మొదలుపెట్టబోతే "నాకు తెలుసు. ఆ రోజే తెలుసు" అంది. ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో రాయలేను.

కూతురు కావాలంటోంది. క్రిస్మస్ లోపు. పిల్లకీ వెళ్ళాలనే ఉంది. ఎలా పంపాలో తోచడం లేదు. ఒంటరిగా ఎప్పుడూ విమానం ఎక్కలేదు. లూపె చెల్లెలు గడప దాటడం లేదు. ఎల్విరాకి గ్రీన్ కార్డ్ ఉన్నా, దాటితే తిరిగి రానిస్తారో లేదోనని అనుమానం. నేను దేశం దాటితే నా సంగతీ అంతే. అందరం ఒక్కొక్క గీత లోపల నిలబడి ఉన్నాం.

నీ పండుమిరప పచ్చడి హిమేనా రొట్టెలో పెట్టుకుని తింటోంది. జితేందర్‌కి మిగలడం లేదు.

నీ
మనీషా


కమ్మింగ్
24 నవంబర్ 2025

మనీషాకి,

కోపం కాదే. సిగ్గు. ఆ ఫెళ్ళుమన్నది నేను.

లాబీలో తలుపుకి అడ్డంగా మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల సంగీతం గోడలోంచి వీపుకి తగులుతోంది. బాగుందని కూడా అనుకున్నాను. ఇంతలో బయటి తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. యూనిఫాం, నడుముకి తుపాకీ. ముసుగు లేదు. అది నాకు అప్పుడు కనపడలేదు. గభాలున లేచాను. కుర్చీ వెనక్కి పడి టికెట్ల టేబుల్‌ని కూడా లాక్కుపోయింది. లోపల సంగీతం ఆగిపోయింది. ఇక అంతా అయిపోయింది, నా వల్లే ఆగింది, రెండోసారి నా వల్లే, అనుకున్నాను.

కాళ్ళు కదలడం లేదు. అందువల్ల తలుపు ముందు నుంచి తప్పుకోలేకపోయాను. ఆయన "మేడమ్" అని ఏదో అంటున్నాడు. నేను "డు యూ హావ్ ఎ టికెట్?" అన్నాను. ఆయన మళ్ళీ ఏదో అన్నాడు. నేను మళ్ళీ అదే అన్నాను. నువ్వు తెనాలి అన్నట్టు. మూడోసారికి ఆయన టోపీ తీసి, చాలా నెమ్మదిగా, బయట తెల్ల వ్యాన్ ఫైర్ ఇంజిన్ దారికి అడ్డంగా ఉంది, అది ఎవరిదో కనుక్కుంటారా అన్నాడు.

అది నా వ్యానే.

తీసి పక్కన పెట్టాను. రివర్స్‌లో చెత్తడబ్బాని కూడా గుద్దాను, ఆయనే లేపి పెట్టాడు. తిరిగి వచ్చేసరికి లోపల ఆ వడగళ్ళ చప్పుడు మొదలైంది. గోడకి ఆనుకుని నిలబడి విన్నాను. అయిపోగానే మీ అందరి ముఖాలూ చూడలేక ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళిపోయాను. ఎల్విరా గారికి నువ్వే చెప్పు. లేదా చెప్పకు, నీ ఇష్టం.

బ్యాగ్ గుర్తొచ్చిందని నిన్ను అసహ్యించుకోవడం ఏమిటి. నాకు నా కాళ్ళు తప్ప ఏమీ గుర్తు రాలేదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం ఈసారి ఇంటికే వచ్చింది, మీ అన్నయ్యే తెరిచారు. గీతల మాట దగ్గర ఆగిపోయారు. అన్నం తింటూ, "మనకి ఆ గీత లేదు కదా మల్లీ" అన్నారు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆ పేరుతో పిలవలేదు. ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. డిసెంబర్ పంతొమ్మిదిన షికాగో నుంచి గ్వాదలహారాకి మూడు టికెట్లు బుక్ చేశాం. ఒకటి హిమేనాకి, రెండు మాకు. పిల్లని మాతో పంపడానికి ఒప్పుకుంటున్నట్టు వాళ్ళమ్మ అక్కడ నోటరీ దగ్గర సంతకం చేసి పంపాలట, లాయర్ చెప్పారు. లూపెకి ఆ మాట ఈ రోజే చెప్పు. నన్ను నమ్ముతుందా అని కూడా అడుగు. నమ్మకపోతే నేను నొచ్చుకోను.

తిరిగి వచ్చేటప్పుడు ఇమ్మిగ్రేషన్ లైన్లో నిలబడాలి. ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు నిలబడ్డానో, ఈసారి ఆ లైన్ తలుచుకుని పాస్‌పోర్టులు ఇప్పటికే మూడుసార్లు తీసి చూశాను. మీ అన్నయ్య ధైర్యంగా ఉన్నట్టు నటిస్తున్నారు. నిన్న ఒకే సాక్సు రెండుసార్లు వెతికారు. అయినా వెళ్తున్నాం.

నాకు స్పానిష్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. గుమ్మంలో నిలబడి ఏమని చెప్పను? పావడాల సంగతి చెప్పాలా? నీకు ఏది మంచిదనిపిస్తే అది నేర్పించి పంపు.

హిమేనాకి కిటికీ పక్క సీటు కావాలో, నడవ వైపు సీటు కావాలో అడిగి వెంటనే రాయి. మీ అన్నయ్య మధ్యలో కూర్చోనంటున్నారు, నేను కూర్చుంటాను.

వదిన